నాన్న ఆర్‌ఎక్స్‌ 100 మళ్లీ రోడ్డెక్కుతుందా?

ప్రశ్న: మా నాన్నగారి 1993 మోడల్ యమహా ఆర్‌ఎక్స్‌ 100 ఊళ్లో పశువుల కొట్టంలో పడి ఉంది. ఆయన పోయాక ఎనిమిదేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు. ఇంటి దగ్గరే బాగుచేసుకోవాలని ఉంది. పానాలు పట్టడం వచ్చు గానీ ఇంజిన్ ఎప్పుడూ విప్పలేదు. ముందు రంగు వేయించి, సీటు మార్చి, తర్వాత ఇంజిన్ చూద్దామనుకుంటున్నాను. సరేనా?
– ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: రంగు, సీటు ఆఖరున పెట్టుకోండి. ముందు ఆర్‌సీ బయటికి తీసి, అందులోని ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద ఉన్నవాటితో కలుస్తున్నాయో లేదో చూడండి. హ్యాండిల్ మెడ దగ్గర మట్టి, గ్రీజు కిరోసిన్ గుడ్డతో తుడిచి, తెల్లకాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్దితే ఛాసిస్ నంబరు అంకెలు తేలతాయి. నంబర్లు కలవకపోతే ఒక్క రూపాయి కూడా ఖర్చుపెట్టకుండా ముందు ఆర్‌టీఏ ఆఫీసుకు వెళ్లి అడగండి. కలిస్తే టెన్షన్ లేదు. బండి మీ పేరు మీదకు మారడానికి ఫారం 31, పదిహేనేళ్లు దాటిన రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లు పొడిగించడానికి ఫారం 25 పెట్టాలి. వింటేజ్ నంబరు ఇప్పిస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి, అది 50 ఏళ్లు దాటిన బండ్లకే.

ఇక ఇంజిన్. దయచేసి బండిని బయటికి లాగగానే కిక్కు కొట్టకండి, అందరూ మొదట చేసేది అదే. ఇన్నేళ్లలో బోరులో, అంటే పిస్టన్ ఆడే గొట్టంలో, ఆయిల్ ఆరిపోయి తుప్పు పట్టి ఉంటుంది, ఆ తుప్పు మీద పిస్టన్‌ని ఆడిస్తే రింగులు పట్టేస్తాయి, బోరు నిండా గీతలు పడతాయి. ప్లగ్గు విప్పి ఆ కన్నంలో రెండు చెంచాల టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ బండ్లకు వాడేది) పోసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు ప్లగ్గు లేకుండానే కిక్కర్‌ని చేత్తో మెల్లగా నొక్కండి. కదలకపోతే హెడ్డు విప్పాల్సిందే, బలం చూపించకండి. రీబోరు చేయించి, అంటే బోరును కాస్త పెద్దది చేయించి, దానికి సరిపోయే ఓవర్‌సైజు పిస్టన్ వేయించాల్సి వస్తే అది లేతు షాపు పని, ఇంట్లో కాదు.

ఈ బండికి ప్రాణం ఆయిల్ పంపు. టూటీ ఆయిల్ వేరే ట్యాంకులోంచి సన్నటి పైపులో పంపుకు, అక్కడి నుంచి ఇంజిన్‌కు పోతుంది. ఎండిపోయిన పైపులో గాలి చేరుతుంది కాబట్టి ట్యాంకు నింపినంత మాత్రాన ఆయిల్ లోపలికి పోతుందన్న నమ్మకం లేదు, బుడగలు కనబడుతుండగా స్టార్ట్ చేస్తే కొత్త పిస్టన్ కూడా పట్టేస్తుంది. పంపు పక్కనున్న గాలి స్క్రూ వదులు చేసి, బుడగలు లేకుండా ఆయిల్ కారేదాకా ఆగి బిగించండి. పంపు మీద గురి కుదిరేదాకా పెట్రోల్లో కూడా లీటరుకు 30 ఎంఎల్ ఆయిల్ కలపండి. పొగ ఎక్కువొస్తుంది, రానివ్వండి.

పిస్టన్ తిప్పే క్రాంక్ ఇరుసుకు రెండు చివర్లా ఉండే రబ్బరు ఆయిల్ సీళ్లు రెండూ ఎలాగూ మార్చాలి. క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిల్ ఇంజిన్‌లోకి లాగేసుకుని తెల్లపొగ ఆగదు, మ్యాగ్నెట్ వైపుది పోతే గాలి పీల్చుకుని ఇంజిన్ వేడెక్కి పట్టేస్తుంది. కార్బురేటర్ జెట్లు (పెట్రోలు పోయే సన్నటి కన్నాలు) శుభ్రం చేయండి. పాత పెట్రోలు పారబోయండి, ట్యాంకు లోపలి తుప్పు కడిగి, పూర్తిగా ఆరాకే కొత్తది పోయండి.

ప్రశ్న: పాత బండి ఫ్రేమ్‌కి, ట్యాంకుకి మొత్తం గీకించి పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడితో అంటించేది) వేయించమంటున్నారు. చేయించనా?
– ఓ పాఠకురాలు, వరంగల్

జవాబు: ఫ్రేమ్‌కి చేయించండి, అయితే ఛాసిస్ నంబరు మీద వేడికి తట్టుకునే టేపు వేయించాకే. నంబరు కోటింగ్ కింద పూడిపోతే ఆర్‌టీఏలో తిప్పలు పడతారు. రంగు మారితే ఆర్‌సీలో కూడా మార్పించాలి. ట్యాంకు మీద కంపెనీ రంగు, స్టిక్కర్లు బాగుంటే మాత్రం రబ్బింగ్ కాంపౌండ్‌తో పాలిష్ చేసి అలాగే ఉంచమంటాను. బండి మీద కంపెనీ రంగు ఒక్కసారే ఉంటుంది. విప్పిన బోల్టు, క్లిప్పు, పాత ఇండికేటర్ ఏదీ పారేయకండి, పాత మోడళ్లకు అసలు సామాను దొరకడమే కష్టం.