అమ్ములూ, ఆ ఓడ కథ మాత్రం చెప్పకు

అమ్ములూ,

ఇంగ్లీషు మాటల పుట్టుక మీద వీడియోలు మొదలెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మనింట్లో ఇంకొకరికి నిఘంటువు పిచ్చి పట్టిందని పొంగిపోయాను. మొదటిదే ‘పోష్’, అంటే దర్జా అనే మాట మీద అనేసరికి గుండె గుభేలుమంది.

మంచి మైకు కొనుక్కో, నిదానంగా మాట్లాడు. ఇవి నీకు తెలిసినవే. ఆ ఓడ కథ మాత్రం చెప్పకు.

ఇంగ్లండు నుంచి బొంబాయి వచ్చే పి అండ్ ఓ అనే బ్రిటిష్ కంపెనీ ఓడల్లో, వచ్చేటప్పుడు ఎడమవైపు గదులకీ, తిరిగి వెళ్లేటప్పుడు కుడివైపు గదులకీ ఎండ తగలదట. డబ్బున్న దొరలు అవే పట్టేవారట. ‘పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్’ అని, ఆ మొదటి అక్షరాలు టికెట్ల మీద ముద్ర కొట్టేవారట, అవే కలిసి ‘పోష్’ అయ్యాయట. మా స్టాఫ్‌రూంలో ఒక మాస్టారు దీన్ని ఎర్రసముద్రం ఉక్కపోతతో సహా చెబుతుంటే అందరి చేతుల్లో టీలు చల్లారిపోయేవి. అంత బాగుంటుంది కాబట్టే నాకు భయం. అలాంటి ముద్ర ఉన్న టికెట్ ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు. దర్జా అనే అర్థంలో ఆ మాట 1914కే అచ్చులో ఉంది. ఓడ కథ అచ్చుకెక్కింది 1930ల్లో. పిల్లాడు కాలేజీకెళ్లాక బారసాల చేసినట్టు!

1890 నాటి ఇంగ్లీషు యాసపదాల నిఘంటువులో పోష్ అంటే సోకులరాయుడు. దొంగల భాషలో చిల్లర డబ్బు, ముఖ్యంగా అర పెన్నీ. అది రోమానీ భాషలో ‘సగం’ అనే మాట. ఆ భాష మనవైపు నుంచి పడమటికి వలసపోయినవాళ్లది. ఆ మాటకి మూలం సంస్కృత ‘పార్శ్వం’ అంటారు. తలలో సగమే నొప్పెడితే మీ అమ్మమ్మ పార్శ్వపునొప్పి అంటూ శొంఠి పట్టు వేసుకునేది, గుర్తుందా? ఆ పార్శ్వమే. పాపం, ఆ రోజుల్లో ఇంట్లో గిన్నె చప్పుడైనా ఓర్చుకోలేకపోయేది.

అయితే అర పెన్నీ నుంచి దర్జాకి దారి ఎలా పడిందో ఎవరూ రుజువు చెయ్యలేదు. ఆ సంగతీ గట్టిగానే చెప్పు. నిఘంటువులో ‘మూలం తెలియదు’ అని ఉంటే మీ తాతగారు మా చేత నోటుబుక్కులో అలాగే రాయించేవారు. ఖాళీ వదిలితే చెవి మెలిపెట్టేవారు. వ్యూస్ కోసం కథలల్లావో, నేనూ ఊరుకోను. నువ్వు చెప్పింది నమ్మి పిల్లలు పరీక్షల్లో రాస్తారే తల్లీ.

రెండో వీడియోకి ‘పక్కా’ తీసుకో. సంస్కృత ‘పక్వం’ హిందీ మీదుగా ఇంగ్లీషులో చేరిన మాట అది. ఇంగ్లీషులో కలిసిన మన దేశపు మాటల నిఘంటువు, 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్‌లో ఉంది, నా దగ్గరున్న కాపీ పంపిస్తాను. స్క్రిప్టు ముందు నాకు చూపించు. రాత్రిళ్లు ఆ ఎడిటింగ్ ముందు కళ్లు మండేదాకా కూర్చోకు.

మీ పెద్దమ్మ