గంటలు పంపావా సింధూ?

సింధూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "అక్కా, దానికి డాలస్‌లో ఉద్యోగం వచ్చింది, ఇక ఆర్కిటెక్ట్ లైసెన్సు మొదలుపెడుతుందట" అనగానే ఇంట్లో అందరికీ వినపడేలా కేకేశాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. నీ తెలివి మీద నాకు అనుమానం లేదు, నీ మొహమాటం మీదే అనుమానం. అది నా పోలికే కదా.

మాసబ్ ట్యాంక్ కాలేజీలో బీఆర్క్ అయ్యాక కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకున్నావు, అయిపోయింది. ఇక్కడ అమెరికాలో అలా కాదు. ఆర్కిటెక్టుల లైసెన్సు లెక్కలు చూసే ఎన్‌కార్బ్ అనే సంస్థలో రికార్డు తెరువు, ఫీజు కట్టు, సూపర్‌వైజర్ ఈమెయిల్ ఇవ్వు. ఇవి నేను చెప్పాలా, చదువుకున్నదానివి. లైసెన్సుకి ముందు సూపర్‌వైజర్ కింద పనిచేసి చూపించాల్సిన అనుభవాన్ని ఏఎక్స్‌పీ అంటారు, దానికి మొత్తం 3,740 గంటలు, ఆరు విభాగాలు. ఆ గంటలు మనం ఎక్కించి పంపాలి, సూపర్‌వైజర్ ఒప్పుకోవాలి. అసలు సంగతేమిటంటే, పని చేసిన ఎనిమిది నెలల లోపు పంపితేనే ఆ గంటలు పూర్తిగా వస్తాయి, ఆ తర్వాత అయిదేళ్ళ వరకు సగమే, అదీ దాటితే సున్నా.

నా కథ నీకు ముక్కలుగానే తెలుసు, ఇవాళ మొత్తం చెప్తాను. 2010 సెప్టెంబరులో ఒక చిన్న ఆఫీసులో చేరాను. అప్పుడు దీన్ని ఐడీపీ అనేవాళ్ళు, 5,600 గంటలు. మాంద్యం ఇంకా పోలేదు, నాతో చదివినవాళ్ళు సగం మంది ఖాళీగా ఉన్నారు, నా వీసా ఆ ఆఫీసు చేతిలో ఉంది. మా సూపర్‌వైజర్ పెద్దాయన, చాలా మంచివాడు, నా డ్రాయింగుల మీద ఎర్ర పెన్సిల్‌తో ఓపిగ్గా దిద్దేవాడు. ఆయన దగ్గరికెళ్ళి "నా గంటలు అప్రూవ్ చెయ్యండి" అనడానికి నాకు నోరు రాలేదు. ఈ సబ్మిషన్ అయ్యాక అడుగుదాం, క్రిస్మస్ అయ్యాక అడుగుదాం, ఆయన కొంచెం తీరిగ్గా ఉన్నప్పుడు అడుగుదాం. ఇలా ఇరవై నెలలు. మీ పెదనాన్న అడిగినప్పుడల్లా "అన్నీ ఎక్సెల్‌లో రాసుకుంటున్నా, ఎక్కడికి పోతాయి" అనేదాన్ని. ఎక్కడికీ పోలేదు, ఎక్సెల్‌లోనే ఉన్నాయి.

2012 మేలో ఒక సోమవారం ఆయన కేకు తెప్పించి, నెలాఖరుకి రిటైర్ అవుతున్నానని చెప్పాడు. నాకు కాళ్ళు వణికాయి. ఆ రాత్రి కూర్చుని ఇరవై నెలల గంటలూ ఎక్కించి పంపాను, మర్నాడు సాయంత్రానికల్లా ఆయన అన్నీ చూసి ఒప్పుకున్నాడు. కానీ అప్పటి నిబంధన ఇంకా కఠినం, సగం ఇచ్చే పద్ధతి 2014లో గానీ రాలేదు. చివరి ఎనిమిది నెలలు లెక్కేసుకుని ముందు ఏడాది మొత్తం కొట్టేశారు. దాదాపు రెండు వేల గంటలు. ఆయనకి చెప్తే కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకుని, "పది నిమిషాల పని కదమ్మా, ఎందుకు అడగలేదు?" అన్నాడు. తిట్టినా బాగుండేది. పార్కింగ్‌లో కారులో కూర్చుని ఏడ్చాను. మీ తాతయ్య తెనాలి కొట్లో ఎంత రాత్రయినా ఆ రోజు పద్దు రాయందే అన్నానికి లేచేవారు కాదు, అలాంటాయన కూతురినయ్యుండి నేను చేసిన నిర్వాకం ఇది.

అందుకని నెలకోసారి పంపు. పంపి ఊరుకోకు, ఈమెయిల్ స్పామ్‌లో పడిపోతుంది, వారం తర్వాత నవ్వుతూ ఒకసారి గుర్తు చెయ్యి. నీ సూపర్‌వైజర్‌కి లైసెన్సు ఉందో లేదో రాష్ట్ర బోర్డు సైట్‌లో ఇవాళే చూసుకో, పేరు కింద పెద్ద హోదా ఉన్నవాళ్ళందరికీ ఉండదు. ఆయన ఉద్యోగం మానేస్తున్నాడని గుసగుస వినపడినా సరే, ఆ రోజే పంపెయ్.

ఇంకోటి. కొత్తవాళ్ళని రోజంతా డ్రాయింగుల దగ్గరే కూర్చోబెడతారు, ఆ విభాగానికి కావలసిన 1,520 గంటలు వాటంతటవే నిండుతాయి. ప్రాక్టీస్ మేనేజ్‌మెంట్, అంటే ఆఫీసు నడిపే పని, 160 గంటలే గానీ ఎవరూ పిలిచి ఇవ్వరు. ఫీజులు, కాంట్రాక్టులు మాట్లాడుకునే మీటింగులో ఒక మూల కూర్చుంటానని అడుగు. సైటుకి కూడా తీసుకెళ్ళమను.

హైదరాబాద్‌లో ఆ ఏడాది పనిచేశావే, దాన్నీ వదిలెయ్యకు. అక్కడి రిజిస్టర్డ్ ఆర్కిటెక్ట్ కింద చేసింది కాబట్టి ఏఎక్స్‌పీలో 'సెట్టింగ్ ఓ' అనే పద్దు కింద పెట్టుకోవచ్చు, సగం వచ్చినా వచ్చినట్టే. ఆ మేడమ్‌కి ఇవాళే మెసేజ్ పెట్టు, ఆవిడ నంబరు మార్చేలోపు.

కోప్పడ్డానని అనుకోకు తల్లీ. చిన్నప్పుడు అగ్గిపెట్టెలతో మేడ కట్టి, మెట్లు ఎక్కడ పెట్టాలో తెలీక నా ఒళ్ళో పడుకుని ఏడ్చావు, నాకు నువ్వింకా ఆ పిల్లవే.

మీ అమ్మ పంపిన ఆవకాయ సీసా హ్యూస్టన్‌లో నా దగ్గరే ఉంది. మొదటి రిపోర్టు అప్రూవ్ అయిన ఈమెయిల్ నాకు ఫార్వర్డ్ చెయ్యి, ఆ మర్నాడే కొరియర్ చేస్తాను. ముందు మాత్రం అడగొద్దు.

మీ పెద్దమ్మ