నవలికా, చిన్న నవలా, పెద్ద కథా? మీ ప్రశ్నలకి మా జవాబులు

ప్రశ్న: మేం కొంతమంది కలిసి నెలకో పుస్తకం చదువుకుంటాం. ఈసారి నవలికలే చదువుదాం అని లిస్టు రాయడం మొదలుపెట్టామో లేదో గొడవ మొదలైంది. నలభై వేల పదాల లోపు ఉంటే నవలికే అని ఒకరు, వంద పేజీలు దాటితే నవలే అని ఇంకొకరు. ఆర్వెల్ 'యానిమల్ ఫామ్' దగ్గరికొచ్చి లిస్టు ఆగిపోయింది. అసలు లెక్క ఏంటండీ?

జవాబు: ముందు ఆ పేజీల లెక్క వదిలేయండి. అక్షరం సైజు కొంచెం పెంచి, చుట్టూ ఖాళీ ఎక్కువ వదిలి, ప్రతి అధ్యాయాన్నీ కొత్త పేజీలో మొదలుపెడితే ఎనభై పేజీల పుస్తకం నూట ఇరవై అయిపోతుంది, పబ్లిషర్లకి ఇది కొత్త విద్యేం కాదు.

పదాల లెక్క కాస్త నయం. మీ ఫ్రెండ్ చెప్పిన నలభై వేలు ఊరికే పుట్టలేదు, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీకి ఇచ్చే హ్యూగో, నెబ్యులా అవార్డుల్లో 7,500 పదాల లోపు చిన్న కథ, అక్కడి నుంచి 17,500 దాకా నావెలెట్, 17,500 నుంచి 40,000 దాకా నావెల్లా, అంటే మన నవలిక, ఆపైన నవల. నెట్‌లో ఎక్కడ చూసినా తిరిగేవి ఈ నంబర్లే. కానీ అవి ఎందుకొచ్చాయో కూడా చూడాలి కదా, ఓటింగ్‌లో ఏ రచన దేనితో పోటీ పడాలో తేల్చాలి, ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి, గీశారు. గీతకి దగ్గర్లో ఉన్న రచనని పక్క విభాగంలోకి జరిపే వీలు హ్యూగో రూల్స్‌లోనే ఉంది. గీసినవాళ్లే అంత పట్టుదలకి పోలేదు, మనమెందుకు కొట్టుకోవడం!

నేను చూసేది వేరే. కథలో ఒకే ఒత్తిడి ఉందా, లేక రెండు మూడు కథలు పక్కపక్కనే నడుస్తున్నాయా అని చూస్తా. హెన్రీ జేమ్స్ 'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ' (1898) తీసుకోండి, పదాలు లెక్కపెడితే నలభై వేలు దాటుతుంది, రూలు ప్రకారం నవల అవ్వాలి, కానీ ఎవర్నడిగినా నవలిక అనే అంటారు. ఒక ఇల్లు, ఇద్దరు పిల్లలు, వాళ్లని చూసుకోడానికి వచ్చిన ఒకావిడ, ఆవిడకి కనబడేవి నిజంగా దెయ్యాలేనా అన్న ఒక్క అనుమానం. కథ ఆ అనుమానాన్ని వదిలి ఒక్క అడుగు కూడా పక్కకి పోదు. ఇప్పుడు 'ది గ్రేట్ గాట్స్‌బీ' (1925) చూడండి, అదీ యాభై వేల లోపే, దీనికన్నా మహా అయితే కొన్ని వేల పదాలు ఎక్కువ. కానీ అందులో గాట్స్‌బీ డైసీల కథ ఉంది, టామ్ మర్టిల్‌ల కథ ఉంది, మర్టిల్ మొగుడు విల్సన్‌ది ఉంది, చెప్తున్న నిక్‌కి జోర్డన్‌తో నడిచే వ్యవహారం ఉంది, ఇవన్నీ వేరువేరుగా నడిచి చివర్లో ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. అది నవల పద్ధతి. చిన్నదే, కానీ నవలే.

చాలామంది ఇక్కడ ఇంకో రూలు పెడతారు, నవలికలో కాలం కూడా తక్కువే ఉండాలి, ఒక రోజో ఒక వారమో అని. నాకది నచ్చదు. టాల్‌స్టాయ్ 'ఇవాన్ ఇల్యిచ్ మరణం' (1886)లో ఒక మనిషి చదువు, ఉద్యోగం, పెళ్లి, ప్రమోషన్లు, మొత్తం జీవితం వచ్చేస్తుంది. అయినా అది నవలికే, ఎందుకంటే మొదటి సీన్‌లోనే ఆయన పోయాడన్న వార్త చెప్పేసి, ఆ తర్వాత వచ్చే ప్రతి సంగతినీ ఆ చావు వైపు నుంచే చూపిస్తాడు. ఆ ప్రమోషన్ గురించి మనం సంతోషపడం కూడా పడం, ఇంకా ఎన్నాళ్లు ఉంది ఈయనకి అని లెక్కేసుకుంటాం. జర్మన్లైతే దీని గురించి చాలా ముందు నుంచే బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. ఇలాంటి రచన అంటే నిజంగా జరిగిన ఒక కనీవినీ ఎరగని సంఘటన, అంతకన్నా ఏముంది అని జర్మన్ రచయిత గేటే 1827లో తన స్నేహితుడు ఎకర్‌మన్‌తో అన్నాడు. దాంట్లో పదాల సంఖ్య ఊసే లేదు చూడండి. కాఫ్కా 'మెటమార్ఫసిస్' (1915) ఆ మాటకి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. మనిషి పురుగైపోవడం అనే కనీవినీ ఎరగని సంఘటన మొదటి వాక్యంలోనే అయిపోతుంది, మిగతాదంతా దాని పర్యవసానం.

ఇక మీ 'యానిమల్ ఫామ్'. దాదాపు ముప్పై వేల పదాలు, కాబట్టి నంబర్లతో పేచీ లేదు. పేచీ ఎక్కడంటే ఏళ్లు గడిచిపోతాయి, జంతువులు బోలెడు, యుద్ధాలు, గాలిమర కట్టడాలు, ఇదంతా నవల సరంజామాలా కనిపిస్తుంది. కానీ ఏ జంతువుకీ సొంతంగా ఇంకో కథ ఇవ్వలేదు ఆర్వెల్. పాలు, యాపిల్స్ పందులకి పోవడం దగ్గర్నుంచి, గోడ మీద రాసిన ఆజ్ఞలు ఒక్కోటీ మారిపోవడం, బాక్సర్ అనే గుర్రాన్ని బండెక్కించి పంపేయడం దాకా అన్నీ ఒకే మెట్లదారిలో మెట్లు. ఒక్కటి తీసినా తర్వాతది నిలబడదు. లిస్టులో ఉంచేయండి, నామీద చెప్పండి.

ప్రశ్న: ఆ 17,500, 40,000 లెక్కలు తెలుగు పుస్తకాలకి కూడా పనికొస్తాయా?

జవాబు: ఉన్నవి ఉన్నట్టుగా పనికిరావు. అవి ఇంగ్లీషు వాక్యాన్ని చూసుకుని పెట్టుకున్న హద్దులు. మనం "రాలేకపోయాను" అని ఒక్క మాటలో తేల్చేసేదానికి ఇంగ్లీషులో నాలుగైదు పదాలు ఖర్చవుతాయి, విభక్తులు, క్రియలు అన్నీ మన దగ్గర పదానికే అతుక్కుంటాయి కదా. కాబట్టి ఒకే కథ, ఒకే నిడివి, కానీ తెలుగులో పద సంఖ్య బాగా తగ్గుతుంది. మనకే కాదు, మాటకి మాట అతికే ఏ భాషకైనా ఇదే తంటా. నన్నడిగితే తెలుగులో పన్నెండు వేల దగ్గర్నుంచే నవలిక అని చూడటం మొదలుపెట్టొచ్చు, పై హద్దు ముప్పై వేల దగ్గర పెట్టుకోవచ్చు, ఇది నా అంచనా మాత్రమే, ఏ అవార్డు వాళ్లూ చెప్పింది కాదు. హద్దు కన్నా కథని చూడటమే మేలు. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' నవల అనే పేరుతోనే చెలామణీలో ఉంది, కానీ ఒక ముసలాయన, తప్పిపోయిన ఒక పంది, ఒక అడవి, ఒక రాత్రి. ఇంకో కథ వైపు తల కూడా తిప్పదు. నవలికకి ఇంతకన్నా మంచి ఉదాహరణ వెతకాలంటే కష్టమే.

ప్రశ్న: అట్ట మీద నవల అని ఉంటే నవల, నవలిక అని ఉంటే నవలిక. రచయితకి తెలీదా తనేం రాశాడో? మధ్యలో మీరెవరు తేల్చడానికి?

జవాబు: కోపమొచ్చినట్టుంది, పర్లేదు. అట్ట మీద మాట చాలాసార్లు రచయితది కాదు, అమ్మేవాళ్లది. నవల అంటే ఎక్కువమంది కొంటారని వాళ్ల నమ్మకం. పోనీ రచయితే రాశాడనుకున్నా, వాళ్లేమైనా తిన్నగా రాస్తారా? దోస్తోయెవ్‌స్కీ 'శ్వేతరాత్రులు' (1848) నాలుగు రాత్రులు, ఒక ఉదయం, అంతే, దానికి 'సెంటిమెంటల్ నవల' అని పెట్టాడు. గోగోల్ 'మృతజీవులు' (1842) అంత లావు వచన పుస్తకం రాసి దాన్ని కావ్యం అన్నాడు. మీ రూలు ప్రకారం పోతే 'యానిమల్ ఫామ్' పిల్లల కథల అరలోకి పోవాలి, ఎందుకంటే ఆర్వెల్ 1945లో దానికి పెట్టుకున్న ఉపశీర్షిక 'ఎ ఫెయిరీ స్టోరీ'.

బహుమతుల వాళ్లు ఇంకో తమాషా. బుకర్ ప్రైజ్ నవలలకి కదా ఇచ్చేది, 1979లో పెనెలపీ ఫిట్జ్‌జెరాల్డ్ 'ఆఫ్‌షోర్', 2024లో సమాంతా హార్వీ 'ఆర్బిటల్' గెలిచాయి, రెండూ నూట నలభై పేజీల లోపే. 2022లో క్లేర్ కీగన్ 'స్మాల్ థింగ్స్ లైక్ దీజ్' షార్ట్‌లిస్టులోకొచ్చింది, అదైతే 116 పేజీలు. కీగన్‌ది నా లెక్కలో నూటికి నూరుపాళ్లు నవలిక, ఒక బొగ్గు వ్యాపారి కాన్వెంటులో చూసిన ఒక్క దృశ్యం, దాని గురించి ఏం చెయ్యాలి అన్న ఒక్క ప్రశ్న. 'ఆర్బిటల్' గురించి మాత్రం నేను అంత గట్టిగా చెప్పను, ఒకే రోజు, ఒకే అంతరిక్ష కేంద్రం అయినా ఆరుగురి మనసుల్లోకి వెళ్లొస్తుంది, దాన్ని నవల అంటే వాదించను.

ప్రశ్న: అధ్యాయాలుంటే నవలిక, లేకపోతే పెద్ద కథ. కరెక్టేనా?

జవాబు: కాదండీ. ఎనిమిది వేల పదాల కథకి కూడా ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసుకోవచ్చు. మధ్యలో ఆగకుండా సాగే నవలలూ ఉన్నాయి. జేమ్స్ జాయిస్ 'ది డెడ్' మీద ఇప్పటికీ వాదన ఉంది కదా, 'డబ్లినర్స్' (1914) అనే కథల పుస్తకంలో చివర్న ఉంది కాబట్టి కథ అని కొందరు, ఆ పుస్తకంలో మిగతా వాటికన్నా బాగా పెద్దది కాబట్టి నవలిక అని కొందరు. నేను కథ పక్షం.

ప్రశ్న: నేను రాసింది పంతొమ్మిది వేల పదాలొచ్చింది. తెలిసిన ఎడిటర్‌కి చూపిస్తే ఇది అటూ కాదు ఇటూ కాదు, సగానికి కోసి కథ చెయ్యి, లేదా ఇంకో ముప్పై వేలు పెంచి నవల చెయ్యి అన్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఆయన బాధ ఆయనది, పత్రికలో ఒక సంచికకి ఎక్కువ, పుస్తకంగా వేస్తే అట్ట వెన్ను మీద పేరు రాసే చోటు కూడా ఉండదు. ఈ ఇబ్బంది ఎప్పటి నుంచో ఉన్నదే. కాన్రాడ్ 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్'ని 1899లో బ్లాక్‌వుడ్స్ పత్రిక మూడు ముక్కలు చేసి వేసింది. హెమింగ్వే 'ది ఓల్డ్ మాన్ అండ్ ద సీ'ని 1952లో లైఫ్ పత్రిక మొత్తం ఒకే సంచికలో వేసేసింది, కానీ హెమింగ్వే పేరుంది కాబట్టి ఆ ధైర్యం. స్టీఫెన్ కింగ్ నాలుగు నవలికలు రాసి 'డిఫరెంట్ సీజన్స్' (1982) అని ఒకే పుస్తకంగా తెచ్చాడు, అందులో ఒకటి తర్వాత 'షాషాంక్ రిడెంప్షన్' సినిమా అయింది. ఈబుక్‌లు వచ్చాక వెన్ను మందం గొడవ కొంత తగ్గింది, 2015లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ వేసే టోర్ డాట్ కామ్ వాళ్లు ప్రత్యేకంగా నవలికల కోసమే ఒక విభాగం పెట్టారు కూడా.

కోయాలా పెంచాలా అన్నదానికి ఒక పని చెయ్యండి. మీ రాతప్రతిలో ప్రధాన పాత్ర కష్టానికి సంబంధం లేని పేరాలన్నీ గుర్తుపెట్టుకుంటూ వెళ్లండి. అవి తీసేశాక పది వేలే మిగిలితే ఎడిటర్ చెప్పింది నిజం, అది కథే, మీరు సాగదీశారు. ఏదీ తియ్యడానికి రావట్లేదంటే అది నవలికే, ఇక దాని జోలికి పోకండి. ఇంకోటి, ఏదైనా పక్క పాత్ర పదేపదే మీ చెయ్యి పట్టుకుని తన కథ చెప్పమని లాగుతుంటే, మీరు బలవంతంగా తోసేస్తుంటే, అప్పుడు నిజంగా పెంచండి, అక్కడ నవల ఉంది. ముప్పై వేలు నింపాలి కాబట్టి ఒక ఫ్లాష్‌బ్యాక్, ఒక మేనమామ, ఒక ప్రయాణం తెచ్చి పెట్టకండి, చదివేవాళ్లకి రెండో పేజీలోనే దొరికిపోతారు. వేసేవాళ్లు దొరక్కపోతే ఇలాంటివే ఇంకో రెండు రాసి మూడూ కలిపి తెండి.

ప్రశ్న: మార్తా వెల్స్ మర్డర్‌బాట్ అనే రోబో పాత్రతో రాసిన సైన్స్ ఫిక్షన్ పుస్తకాలు నవలికలు అంటారు, కానీ అన్నీ కలిపి చదివితే పెద్ద నవలలానే ఉంది కదా? సిరీస్‌ని ఎలా లెక్కెయ్యాలి?

జవాబు: విడివిడిగానే. ఈ సిరీస్‌లో మొదటిది 'ఆల్ సిస్టమ్స్ రెడ్' (2017), నావెల్లా విభాగంలో హ్యూగో తెచ్చుకుంది, ఆ తర్వాత అదే పాత్రతో ఆవిడే 'నెట్‌వర్క్ ఎఫెక్ట్' (2020) రాస్తే దానికి నవల విభాగంలో వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి, మొదటిదాంట్లో ఒక గ్రహం, ఒక టీమ్, వాళ్లని చంపాలని చూస్తున్నదెవరో కనుక్కోవాలి, అంతే. రెండోదాంట్లో పాత స్నేహం ఒకటి మళ్లీ మొదలవ్వాలి, యజమానురాలి కూతురితో ఒక బంధం కుదరాలి, శత్రువులు వేరే, ఇవన్నీ ఒకేసారి నడుస్తాయి. మీ సందేహానికి ఇంతకన్నా తేలికైన ప్రయోగం లేదు. రెండూ చదివాక మీకు వేరేలా అనిపిస్తే మళ్లీ రాయండి, వేస్తాం.