ఓడిపోయిన జనరల్స్ ఏమయ్యారు?

కిందటి నెల జవాబుల్లో అమెరికా అంతర్యుద్ధం (1861-65) మాట ఒకటి రెండు వాక్యాల్లో తెచ్చి వదిలేశాను. బానిసత్వాన్ని వదులుకోలేక దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలకూ, ఉత్తరాదికీ జరిగిన యుద్ధం అది. దాని మీద చాలా ప్రశ్నలొచ్చాయి, ఎక్కువమంది అడిగింది గెలిచిన అధ్యక్షుడు లింకన్, ఆయన సేనాధిపతి గ్రాంట్‌ల గురించి కాదు, ఓడిపోయిన దక్షిణాది సేనానుల గురించి. అందుకని ఈసారి పేజీ మొత్తం వాళ్లకే.

ప్ర: సార్, సొంత దేశం మీద నాలుగేళ్లు యుద్ధం చేసి లక్షల మంది చావుకు కారణమైనవాళ్లను ఉరి తీయకుండా ఎలా వదిలేశారు? ఇంకో దేశమైతే వరసగా నిలబెట్టి కాల్చేసేవాళ్లు కదా. (ఒంగోలు)

జ: నిజమే, జనరల్స్‌లో ఒక్కర్ని కూడా ఉరి తీయలేదు. ఉరికంబం ఎక్కినవాళ్లు చిన్న హోదా వాళ్లు. ముఖ్యంగా హెన్రీ వర్జ్, జార్జియాలోని ఆండర్సన్‌విల్ యుద్ధఖైదీల శిబిరానికి అధికారి. అక్కడ సుమారు 13,000 మంది ఉత్తరాది సైనికులు ఆకలితో, రోగాలతో చచ్చిపోయారు. అతన్ని 1865 నవంబర్‌లో ఉరి తీశారు.

పెద్దవాళ్లు బయటపడటానికి మొదటి కారణం లొంగుబాటు షరతులు. 1865 ఏప్రిల్ 9న వర్జీనియాలోని అపొమాటాక్స్ కోర్ట్‌హౌస్‌లో దక్షిణాది ముఖ్య సేనాని రాబర్ట్ లీ సంతకం పెట్టాడు (కోర్టులో కాదండీ, అది ఊరి పేరు, సంతకాలు జరిగింది ఒకాయన ఇంట్లో). అక్కడ గ్రాంట్ పెట్టిన షరతులు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది: ఆయుధాలు అప్పగించి ఇంటికి పొండి, మళ్లీ తిరగబడకుండా చట్టానికి లోబడి ఉన్నంతకాలం ప్రభుత్వం మీ జోలికి రాదు. అధికారుల దగ్గర వాళ్ల పిస్తోళ్లు, కత్తులు ఉంచుకోనిచ్చాడు, సొంత గుర్రాలున్న సైనికుల్ని దున్నకాలు వచ్చింది కదా తీసుకెళ్లమన్నాడు, ఆకలితో ఉన్న ఆ సైన్యానికి 25,000 మందికి సరిపడా తిండి కూడా పంపించాడు.

అయినా ఆ జూన్‌లోనే నార్‌ఫోక్‌లో గ్రాండ్ జ్యూరీ (అభియోగం మోపాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం) లీ మీద దేశద్రోహం అభియోగం మోపింది. లింకన్ హత్య జరిగి రెండు నెలలు కూడా కాలేదు, ఉత్తరాదిలో జనం కోపంతో ఊగిపోతున్నారు, కొత్త అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్‌కి కూడా విచారణ జరపాలనే ఉంది. అప్పుడు అడ్డం పడింది గ్రాంట్. నేనిచ్చిన మాట నమ్మి లొంగిపోయినవాళ్లను అరెస్టు చేయమంటే నా ఉద్యోగం నాకొద్దని చెప్పేశాడు. గ్రాంట్ రాజీనామా చేస్తే జనం ఎవరి పక్షాన ఉంటారో జాన్సన్‌కి తెలుసు, వెనక్కి తగ్గాడు. ఇంకో కారణం పూర్తిగా న్యాయవాదుల లెక్క. విచారణ వర్జీనియాలోనే జరగాలి, అక్కడి జ్యూరీ నిర్దోషి అనేస్తే రాష్ట్రాలు విడిపోవడం చట్టబద్ధమేనని కోర్టు ముద్ర వేసినట్టవుతుంది. ఈ భయంతోనే దక్షిణాది అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్‌ని కూడా రెండేళ్లు జైల్లో పెట్టి బెయిల్ మీద వదిలేశారు, కేసు విచారణకే రాలేదు. 1868 క్రిస్మస్ రోజున జాన్సన్ అందరికీ క్షమాభిక్ష ఇచ్చేశాడు.

ఇది ఉదారతా, లేక నల్లజాతివాళ్లకు జరిగిన అన్యాయమా అని మీరు అడగలేదు కానీ నా అభిప్రాయం చెప్తాను. లీని ఉరి తీస్తే కొండల్లో ఏళ్ల తరబడి గెరిల్లా యుద్ధం నడిచేది, గ్రాంట్ చేసింది సరైన పనే. తప్పు జరిగింది ఆ తర్వాత, క్షమించినవాళ్ల చేతికే పాత పెత్తనం మళ్లీ వెళ్లిపోతుంటే చూస్తూ ఊరుకోవడంలో.

ప్ర: మేం అట్లాంటాలో ఉంటాం. అమ్మానాన్నలు వచ్చినప్పుడు స్టోన్ మౌంటెన్ చూపించడానికి తీసుకెళ్లాం. కొండ రాతి మీద చెక్కిన, గుర్రాలెక్కి ఉన్న ముగ్గురు అట్లాంటాని కాపాడిన జనరల్సేనా అని నాన్నగారు అడిగితే చెప్పలేకపోయాను. (జార్జియా, అమెరికా)

జ: కాదండీ. ఆ ముగ్గురు జెఫర్సన్ డేవిస్, లీ, స్టోన్‌వాల్ జాక్సన్. డేవిస్ రాజకీయ నాయకుడు. లీ, జాక్సన్ పేరు తెచ్చుకున్నది వర్జీనియా యుద్ధాల్లో. జాక్సన్ అయితే అట్లాంటా పోరుకి ఏడాది ముందే, 1863 మేలో, చీకట్లో సొంత సైనికులే పొరపాటున కాల్చడంతో గాయపడి కొద్దిరోజులకే చనిపోయాడు.

అట్లాంటాని కాపాడాలని చూసింది జోసెఫ్ జాన్‌స్టన్. ఊరి మీదికొస్తున్న ఉత్తరాది జనరల్ షెర్మన్ సైన్యం పెద్దది కాబట్టి ఎదురుపడి నాశనం కాకుండా వెనక్కి జరుగుతూ జరుగుతూ కాలయాపన చేశాడు. డేవిస్‌కి చిరాకొచ్చి 1864 జులైలో ఆయన్ని తీసేసి జాన్ బెల్ హుడ్‌ని పెట్టాడు. హుడ్ ధైర్యానికి లోటు లేదు (అప్పటికే ఒక కాలు పోయింది, ఒక చెయ్యి పనిచేయదు), కానీ వరసగా దాడులు చేసి సైన్యాన్ని కరగదీశాడు, సెప్టెంబర్ 2న ఊరు పోయింది. ఈ ఇద్దరూ ఆ కొండ మీద లేరు, అట్లాంటా పోవడానికి దారితీసిన మార్పు చేసిన డేవిస్ మాత్రం ఉన్నాడు!

ఓడినవాళ్లకు అంత బొమ్మ ఎందుకంటే, అది ఎప్పుడు చెక్కారో చూడండి. 1915లో కు క్లక్స్ క్లాన్ (నల్లవాళ్లను హింసించే తెల్లవాళ్ల రహస్య ముఠా) మళ్లీ పుట్టింది ఆ కొండ మీదే. చెక్కడం 1920లలో మొదలై ఆగిపోయింది. బడుల్లో తెల్ల పిల్లల్ని, నల్ల పిల్లల్ని వేరుగా పెట్టడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పాక, 1958లో జార్జియా ప్రభుత్వం ఆ కొండని కొన్నది. పని పూర్తయింది 1972లో. లీ మాత్రం 1869లోనే, తాను 1863లో ఓడిన గెట్టిస్‌బర్గ్ యుద్ధభూమిలో గుర్తులు పెడదాం రమ్మంటే, యుద్ధం చేసిన పుండ్లను రేపకపోవడమే మంచిదని జవాబు రాశాడు.

ప్ర: గెట్టిస్‌బర్గ్ ఓటమికి లాంగ్‌స్ట్రీట్ అనే జనరల్ మోసమే కారణమని ఒక వీడియోలో విన్నాను. నిజమా? (హన్మకొండ)

జ: ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. అబద్ధం, అదీ పనిగట్టుకుని అల్లింది.

జేమ్స్ లాంగ్‌స్ట్రీట్ లీకి కుడిభుజం. 1863 జులై 3న, గెట్టిస్‌బర్గ్ మూడో రోజున, సుమారు 12,500 మందిని దాదాపు ముప్పావు మైలు ఖాళీ మైదానంలో ఫిరంగులకు ఎదురు నడిపించాలని లీ నిర్ణయించాడు. ఇది జరిగే పని కాదని లాంగ్‌స్ట్రీట్ మొత్తుకున్నాడు. లీ వినలేదు. దాదాపు సగం మంది తిరిగి రాలేదు. తిరిగొచ్చినవాళ్లకు ఎదురెళ్లి, తప్పంతా నాదేనని చెప్పింది కూడా లీయే.

మరి నింద లాంగ్‌స్ట్రీట్ మీదికి ఎలా వచ్చిందంటే, యుద్ధం అయ్యాక ఆయన న్యూ ఆర్లీన్స్‌లో స్థిరపడ్డాడు. 1867లో పత్రికలకు ఉత్తరాలు రాశాడు: మనం ఓడిపోయాం, గెలిచినవాళ్ల షరతులు ఒప్పుకోవాలి, నల్లవాళ్లకు ఓటు వచ్చింది, ఆ వాస్తవంతోనే మసలుకోవాలి అని. ఆయనేమీ మహాత్ముడు కాదు, తెల్లవాళ్లు దూరంగా కూర్చుంటే పెత్తనం చేజారుతుందన్న లెక్క కూడా అందులో ఉంది. కానీ అంతటితో ఆగకుండా లింకన్ పార్టీ అయిన రిపబ్లికన్ పార్టీలో చేరాడు, పాత మిత్రుడు గ్రాంట్ అధ్యక్షుడై కస్టమ్స్‌లో ఉద్యోగమిస్తే తీసుకున్నాడు, ఇక 1874లో అయితే వైట్ లీగ్ అనే తెల్లవాళ్ల సాయుధ ముఠా లూసియానా ప్రభుత్వాన్ని కూలదోయడానికి వస్తే, నల్ల సైనికులు కూడా ఉన్న దళాలకు నాయకత్వం వహించి వీధిలో ఎదుర్కొన్నాడు. ఎదురుగా ఉన్నవాళ్లలో ఎంతోమంది ఒకప్పుడు ఆయన పక్షాన పోరాడినవాళ్లే. ఆయన్ని గాయపరిచి పట్టుకున్నారు.

దక్షిణాది పెద్దమనుషులకు ఇంతకంటే పాపం ఏముంటుంది? అప్పుడు రంగంలోకి దిగాడు ఇంకో దక్షిణాది జనరల్, జూబల్ ఎర్లీ. యుద్ధం ముగియగానే మెక్సికోకి, అక్కణ్ణుంచి కెనడాకి పారిపోయి, క్షమాభిక్ష వచ్చాక తిరిగొచ్చినాయన. 1872లో, లీ చనిపోయిన పదిహేను నెలలకు, ఉపన్యాసం ఇస్తూ గెట్టిస్‌బర్గ్‌లో లీ రెండో రోజు పొద్దున్నే దాడి చేయాలనుకుంటే లాంగ్‌స్ట్రీట్ ఆలస్యం చేసి ముంచాడని అన్నాడు. తెల్లవారుజామునే దాడి చేయమని ఆజ్ఞ ఉందని ఇంకో ఆయన తోడయ్యాడు. లాంగ్‌స్ట్రీట్ లీ దగ్గర పనిచేసిన సిబ్బంది అధికారులకు రాసి అడిగితే, అలాంటి ఆజ్ఞ మాకు తెలియదని జవాబిచ్చారు. లాభం లేకపోయింది, కథ అప్పటికే జనంలోకి వెళ్లిపోయింది. ఇంకో సంగతి, అదే గెట్టిస్‌బర్గ్‌లో మొదటి రోజు సాయంత్రం కీలకమైన గుట్టని పట్టుకోకుండా వదిలేసిన దళంలో ఎర్లీ కూడా ఉన్నాడు. మరుసటి ఏడాది షెనన్డోవా లోయలో చిత్తుగా ఓడి, చివరికి లీ చేతే పదవి పోగొట్టుకున్నాడు. అలాంటాయన యుద్ధ చరిత్ర చెప్తే, తరాల తరబడి పిల్లలు అదే చదువుకున్నారు. గెట్టిస్‌బర్గ్‌లో లాంగ్‌స్ట్రీట్‌కి విగ్రహం పెట్టింది 1998లో.

ప్ర: టెక్సస్‌లో ఫోర్ట్ హుడ్ సైనిక స్థావరం పేరు మార్చారన్నారు, మళ్లీ ఫోర్ట్ హుడ్ అంటున్నారు. ఏంటీ గోల? (డాలస్)

జ: పైన చెప్పిన హుడ్ పేరే అది, 1942లో పెట్టారు. దక్షిణాది సేనానుల పేర్లున్న తొమ్మిది స్థావరాలకు 2023లో పేర్లు మార్చారు, హుడ్ స్థానంలో తర్వాతి కాలపు అమెరికా జనరల్ రిచర్డ్ కవాజోస్ పేరొచ్చింది. 2025లో పాతపేర్లు తిరిగొచ్చాయి, కానీ వాళ్ల పేర్లు పెట్టకూడదని చట్టం ఉంది కదా, అందుకని అదే ఇంటిపేరున్న వేరే సైనికుల్ని వెతికారు. ఇప్పుడు ఫోర్ట్ హుడ్ అంటే మొదటి ప్రపంచయుద్ధంలో పతకం పొందిన రాబర్ట్ హుడ్. నవ్వొస్తుంది, కోపమూ వస్తుంది. పాతపేర్ల ఆ తొమ్మిదిమంది దక్షిణాది సేనానుల్లో సొంత అధికారులే అసహ్యించుకున్న బ్రాగ్ ఉన్నాడు, లాంగ్‌స్ట్రీట్ లేడు.

ప్ర: యుద్ధం తప్ప వేరే పని రానివాళ్లు తర్వాత ఎలా బతికారు? (కాకినాడ)

జ: రకరకాలుగా. లీ ఒక చిన్న కాలేజీకి అధ్యక్షుడయ్యాడు. హుడ్ ఇన్సూరెన్స్ వ్యాపారంలో దెబ్బతిని, 1879లో పచ్చజ్వరంతో పోయాడు, పదిమంది పిల్లలు అనాథలయ్యారు. బోరిగార్డ్, ఎర్లీ లూసియానా లాటరీ డ్రాలకు పెద్దమనుషులుగా కూర్చుని జీతం తీసుకున్నారు. బానిసల వ్యాపారి ఫారెస్ట్ క్లాన్‌కి నాయకుడయ్యాడు. లోరింగ్ ఈజిప్టు వెళ్లి అక్కడి సైన్యంలో చేరాడు. జాన్‌స్టన్ తనను తరిమిన షెర్మన్‌కే స్నేహితుడై, 1891లో ఆయన అంత్యక్రియల్లో శవపేటికకు గౌరవంగా ఆ చలిలో టోపీ తీసి నిలబడి, జబ్బుపడి నెలరోజులకు పోయాడు. జోసెఫ్ వీలర్ మళ్లీ అమెరికా సైన్యంలోనే జనరల్ అయ్యి 1898లో క్యూబాలో స్పెయిన్ మీద పోరాడాడు. స్పెయిన్ సైనికులు పారిపోతుంటే పాత అలవాటు కొద్దీ "పదండి, యాంకీలు పారిపోతున్నారు!" అని అరిచాడని చెప్తారు. యాంకీలంటే ఉత్తరాదివాళ్లు, అంటే అప్పుడు ఆయన వెనకాల ఉన్న సొంత సైన్యంలో చాలామంది.