సాక్ష్యం తూచేది ఇక్కడే

చిరంజీవి అమ్ములుకి మామయ్య ఆశీస్సులు.

లాయరుగా నీకు మొదటి క్రిమినల్ అప్పీలు వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మలక్‌పేటలో బండి పార్కింగ్ గొడవ, ఇనుప రాడ్డు, సెక్షన్ 326 (ఆయుధంతో తీవ్ర గాయం) కింద నీ క్లయింటుకి రెండేళ్ల శిక్ష. ఘటన, కొత్త చట్టం బీఎన్‌ఎస్ అమల్లోకి వచ్చిన 2024 జూలై 1కి ముందుది కాబట్టి పాత ఐపీసీ సెక్షన్లే, ఆ టెన్షన్ వద్దు. నాంపల్లిలో సెషన్స్ కోర్టుకి 30 రోజుల్లో వెయ్యాలి. అప్పీలు తేలేదాకా శిక్ష ఆపమని సస్పెన్షన్ పిటిషన్ కూడా దాంతోపాటే వేసెయ్.

తీర్పు ముందు చదవకు. చదివావంటే సాక్ష్యం జడ్జిగారు చెప్పినట్టే కనపడుతుంది. పి.డబ్ల్యు.1 (ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి) డిపాజిషన్‌తో, అంటే కోర్టులో చెప్పిన వాంగ్మూలంతో మొదలుపెట్టు. పక్కన ఫిర్యాదు, 161 స్టేట్‌మెంట్లు (సాక్షులు పోలీసులకి చెప్పినవి), గాయాల సర్టిఫికెట్ పరుచుకో.

సాక్షి పోలీసులకి "చీకట్లో సరిగా కనపడలేదు" అని, కోర్టులో "లైటు వెలుతుర్లో చూశా" అన్నాడనుకో. వెంటనే సంబరపడకు. కింది కోర్టు లాయరు ఆ ముక్కని క్రాస్ ఎగ్జామినేషన్‌లో సాక్షికి చూపించి అడిగాడా? తర్వాత ఐఓ (దర్యాప్తు అధికారి) నోట, సాక్షి తనకి అలాగే చెప్పాడని రాబట్టాడా? ఈ రెండూ జరక్కపోతే ఆ తేడా నీకు పనికిరాదు.

ఒక్కడే సాక్షి అనీ, పంచులు (పంచనామా సాక్షులు) హోస్టైల్ అయ్యారనీ, అంటే మాట మార్చారనీ అందరూ రాస్తారు. అవి బలమైన పాయింట్లు కావు. ఇంతమంది సాక్షులు ఉండాలని చట్టంలో లేదు, 1957లోనే వడివేలు తేవర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పైగా నీ కేసులో దెబ్బ తిన్నవాడే సాక్షి. కొట్టినవాణ్ని వదిలేసి వేరేవాణ్ని ఎందుకు ఇరికిస్తాడంటారు జడ్జిలు.

అందుకే డాక్టరు కాగితాల మీద ఎక్కువసేపు కూర్చో. ఎముక విరిగిందని సర్టిఫికెట్‌లో ఒక లైను ఉంటే సరిపోదు. ఎక్స్‌రే ఫిల్మ్ కోర్టులో సాక్ష్యంగా మార్క్ అయిందా? రేడియాలజిస్టుని పిలిచారా? లేకపోతే తీవ్ర గాయం రుజువు కాలేదను. 326 పోయి 324 (ఆయుధంతో మామూలు గాయం) మిగిలితే గరిష్ఠ శిక్ష మూడేళ్లే, వేసిన రెండేళ్ల శిక్షని తగ్గించమని అడగడానికీ దారి దొరుకుతుంది. ఇది చెప్తే క్లయింటు "నేను కొట్టనే లేదంటే, తక్కువ కొట్టానంటారేంటి సార్?" అని అలుగుతాడు. మొదటి వాదన కొట్టలేదనే, ఇది రెండోదని ఓపిగ్గా చెప్పు.

అప్పీలు గ్రౌండ్స్ (కారణాలు) ఐదారు దాటనివ్వకు. కొత్తలో నేను 22 రాశా. ఎనిమిదోది చెప్తుండగానే జడ్జిగారు గడియారం చూశారు. అసలు పాయింటు పదిహేడోది!

ఇక్కడ ఓడినా హైకోర్టులో రివిజన్ (తీర్పుని మళ్లీ పరిశీలించమనడం) ఉందిగా అన్న ధీమా వద్దు. అక్కడ మామూలుగా సాక్ష్యాన్ని మళ్లీ తూచరు.

డిపాజిషన్లు జిరాక్స్ తీయించి ఆదివారం ఇంటికి రా. ఆసుపత్రి ఎంఎల్‌సీ (పోలీసు కేసు గాయాల) రిజిస్టరు కాపీ కోర్టులో ఎగ్జిబిట్ అయి ఉంటే అదీ పట్టుకురా. ఆ రాత్రి దెబ్బ తిన్నవాడు ఎవరు కొట్టారని చెప్పి చేరాడో చూద్దాం.

మీ మామయ్య