తాతల నాటి మండువా ఇంటి చరిత్ర ఎక్కడ దొరుకుతుంది?

మీ ప్రశ్న ఇది: కోస్తా పల్లెలో మండువా ఇల్లు, చేతిలో ఇంటి పన్ను రసీదు తప్ప కాగితం లేదు, పొలాల రెవెన్యూ రికార్డు అయిన అడంగల్‌లో పేరు కనపడలేదు. ఎప్పుడు కట్టారు, ఎవరెవరు ఉన్నారు?

అడంగల్‌లో కనపడదు కూడా. ఊళ్లో ఇళ్లున్న జాగా గ్రామకంఠం. పాత సర్వేలో దానికంతటికీ కలిపి ఒకటో రెండో నంబర్లు వేసి వదిలేశారు, ఏ ఇల్లు ఎవరిదో రాయలేదు. ఊళ్లోని ఇళ్ల జాగాలు కొలవడానికి 2020లో మొదలైన స్వామిత్వ సర్వే కార్డు ఇప్పుడున్నవాళ్ల పేరే చెబుతుంది, వెనక్కి పోదు. అందుకని రెవెన్యూ ఆఫీసు చుట్టూ తిరగడం మానేసి ముందు పంచాయతీలో ఇంటి పన్ను డిమాండ్ రిజిస్టర్లు అడగండి. చెదలు తినగా మిగిలినవి ఎంత వెనక్కి ఉంటే అంత వెనక్కి చూసి, పన్ను కట్టేవారి పేరు మారిన ప్రతి ఏడూ రాసుకోండి. అక్కడ ఒక చావో, పంపకమో, అమ్మకమో జరిగి ఉంటుంది. డోర్ నంబర్లు మధ్యలో మార్చేస్తారు కాబట్టి పాత నంబరూ రాసుకోవాలి. ఒక్క జాగ్రత్త: రిజిస్టర్లో ఉన్నది పన్ను కట్టిన మనిషి. ముగ్గురన్నదమ్ములు ఉమ్మడిగా ఉన్న ఇంటికి పెద్దాయన పేరొక్కటే పడుతుంది.

తర్వాత సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు. కంప్యూటర్ ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి చేత్తో వెతికించాలి. ఊరి పేరు, మనిషి పేరు, ఏ ఏడు నుంచి ఏ ఏటి దాకా అన్నది దరఖాస్తులో రాయాలి. ఒకటో ఇండెక్స్ మనుషుల పేర్లది, రెండోది ఆస్తులది. ఇంటిపేరు ఉన్నదీ లేనిదీ, రామయ్య అనీ రామన్న అనీ, అన్ని రూపాల్లోనూ వెతికించండి. జిల్లాలు, ఆఫీసుల పరిధులు మారాయని మర్చిపోవద్దు. ప్రకాశం జిల్లా 1970లో పుట్టింది, అంతకు ముందు అక్కడి ఊళ్లు గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల్లో ఉండేవి.

‘ఏమీ లేదు’ అని వస్తే నిరాశ పడొద్దు, చాలా ఇళ్లకు అంతే. తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన ఇంటికీ, నోటిమాటగా పంచుకున్న ఇంటికీ దస్తావేజు పుట్టదు. అప్పుడు మీ ఇంటి సంగతి చెప్పేది పక్కింటి కాగితాలు. ప్రతి దస్తావేజులోనూ చెక్కుబందీ, అంటే నాలుగు వైపుల హద్దులు, ఉంటుంది. తూర్పింటివారి 1931 నాటి క్రయ దస్తావేజులో ‘పడమర: ఫలానా వారి ఇల్లు, ఉమ్మడి గోడ’ అని ఉంటే ఆ ఏటికి మీ ఇల్లు నిలబడి ఉందన్నమాట. ‘ఫలానా వారి దొడ్డి’ అని ఉంటే అప్పటికింకా కట్టలేదని అనుమానించాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. రాసేవాళ్లు పాత దస్తావేజు ముందు పెట్టుకుని హద్దులు యథాతథంగా ఎక్కిస్తారు, చనిపోయి నలభై ఏళ్లయిన మనిషి ఇంకా హద్దుగా కనిపిస్తాడు. కాబట్టి ఆ మాట మొదటిసారి కనిపించిన కాగితాన్ని నమ్మండి, మాట మారిన కాగితాన్ని నమ్మండి, మధ్యలోవి పట్టించుకోకండి. నాలుగు వైపులవారివీ తీయించాలి, వీధి ఉంటే మూడే.

వీలైతే తనఖా దస్తావేజులు వదలొద్దు. అప్పిచ్చినవాడికి సామాను మీద దృష్టి ఎక్కువ, అందుకని ఆస్తి వివరాల షెడ్యూల్లో పెంకుటిల్లా పూరిల్లా, తలుపులెన్ని, కలప ఏది, నుయ్యి ఉందా లేదా అన్నీ దొరకవచ్చు. రిజిస్టరైన వీలునామాలు మూడో బుక్కులో ఉంటాయి. రాసినవారు చనిపోయాక నకలు ఎవరడిగినా ఇస్తారు. భాగాల దావా నడిచి ఉంటే దావా వేసినవారు కోర్టుకిచ్చిన ప్లెయింటులోని వంశవృక్షం చూడండి, ఇంట్లో ఎవరూ చెప్పని పేర్లు అందులో ఉంటాయి.

పాత రాత గొలుసుకట్టు కావచ్చు, కళ్లు అలవాటు పడటానికి రెండు మూడు కాగితాలు పడుతుంది. శిస్తు రసీదుల మీది ఫసలీకి, అంటే పాత రెవెన్యూ సంవత్సరానికి, 590 కలపండి: ఫసలీ 1340 అంటే 1930 జులై నుంచి 1931 జూన్. ద్వారబంధం మీద ‘శ్రీముఖ’ అని సంవత్సరం పేరు చెక్కి ఉంటే అది 1873 కావచ్చు, 1933 కావచ్చు, 60 ఏళ్లకోసారి అదే పేరు వస్తుంది. తిథితో పాటు వారం కూడా ఉంటే పాత పంచాంగంతో తేల్చవచ్చు.

ఇంటి ఒంటి మీది ఆనవాళ్లు ఏ ఏటికి ముందువి కావో మాత్రమే చెబుతాయి. బంగళా పెంకు మన దేశంలో ఫ్యాక్టరీలో తయారవడం 1865లో మంగళూరులో మొదలైంది. ఇనుప దూలం మీద టాటా ముద్ర ఉంటే అది 1912కు ముందుది కాదు. అయితే అది పైకప్పు వయసు, గోడల వయసు కాదు. గూన పెంకు తీసి బంగళా పెంకు వేయించిన ఇళ్లు లెక్కలేనన్ని. మట్టి అడుసుతో కట్టిన గోడకు సిమెంటు అతుకు ఎక్కడ పడిందో చూస్తే ఏ గది తర్వాత చేర్చారో బయటపడుతుంది. పెంకు అడుగున ఉన్న కంపెనీ ముద్ర, దూలం మీది అక్షరాలు, ద్వారబంధం చెక్కుడు, అన్నీ రంగులు వేయకముందే పక్క నుంచి టార్చి కొట్టి ఫొటో తీసుకోండి. ఎదురుగా లైటు పడితే అరిగిన అక్షరం కనపడదు.