రీపర్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో టెంపో మారిస్తే వోకల్ కూడా సాగిపోతోందా? ముందు టైమ్‌బేస్ చూడండి

క్లిక్ (మెట్రోనోమ్ టిక్ టిక్) లేకుండా పాడిన వోకల్‌కి గ్రిడ్ (స్క్రీన్ మీద బార్లు, బీట్లు చూపించే గీతలు) కలుపుదామని టెంపో మార్కర్ (పాట వేగం ఎక్కడ మారాలో చెప్పే గుర్తు) కదిపితే వోకలే సాగిపోతోంది అని మీలో ఒకరు అన్నారు కదా, అది బగ్ కాదండీ, టైమ్‌బేస్ (ట్రాక్ టైమ్‌ని పట్టుకుని ఉండాలా, బీట్స్‌తో కదలాలా అని చెప్పే సెట్టింగ్) బీట్స్ మీద ఉంది అంతే. వోకల్ ట్రాక్ మీద రైట్ క్లిక్ చేసి టైమ్‌బేస్‌ని 'టైమ్' చేసేయండి, ఇక టెంపో ఎంత మార్చినా ఆడియో ఉన్నచోటే ఉంటుంది, మిడి డ్రమ్స్ (రికార్డ్ చేసిన ఆడియో కాదు, నోట్లుగా రాసినవి) మాత్రం బీట్స్ మీదే వదిలేయండి, అవి గ్రిడ్‌తో పాటే వస్తాయి.

తర్వాత పల్లవిలో ఒక బార్ కరెక్ట్‌గా సెలెక్ట్ చేసి ఇన్సర్ట్ మెనూలో టైమ్ సెలెక్షన్ నుంచి మెజర్ చేసే ఆప్షన్ వాడండి, 4/4లో (బార్‌కి నాలుగు బీట్లు) బార్ 2.5 సెకన్లు ఉంటే 96 బీపీఎం (నిమిషానికి బీట్లు) వస్తుంది, చరణంలో సింగర్ స్పీడయ్యి అదే 2.4 అయితే 100. చూడ్డానికి చిన్న తేడానే గానీ పాటంతా ఒకే టెంపో మీద వదిలేస్తే 32 బార్లకి 3.2 సెకన్లు జరిగిపోతుంది, డ్రమ్స్ వోకల్‌తో కలవకుండా ఎక్కడికో పోయేది అందుకే.

ప్రతి బార్‌కీ మార్కర్ పెట్టకండి ప్లీజ్, పాటలో ప్రాణం పోతుంది. సెక్షన్ మొదట్లో ఒకటి చాలు, మెల్లగా స్పీడ్ పెరిగే చోట గ్రాడ్యువల్ ట్రాన్సిషన్ టిక్ పెట్టండి.

బార్ లైన్‌ని మౌస్‌తో లాగే టూల్ కావాలన్నారు, నాకూ అదే కోరిక, క్యూబేస్ అనే ఇంకో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైమ్ వార్ప్ అని ఎప్పట్నుంచో ఉంది మరి. రీపర్‌లో అయితే ఎస్‌డబ్ల్యూఎస్ ఎక్స్‌టెన్షన్ (రీపర్‌కి అదనపు యాక్షన్లు ఇచ్చే యాడ్-ఆన్) వేసుకుని, దగ్గరి గ్రిడ్ లైన్‌ని మౌస్ దగ్గరికి జరిపే యాక్షన్‌కి ఒక కీ పెట్టుకోండి, దాదాపు అదే పని చేస్తుంది.